నానో తయారీ వ్యర్థ ద్రవాల నుంచి బంగారం, వెండి, పల్లాడియం తిరిగి రాబట్టడం: ఎవరికి ఏ పద్ధతి తగును?

ఒక మిల్లీమోలార్ గాఢత గల క్లోరోఆరిక్ ఆమ్ల (నానో బంగారం తయారీకి వాడే బంగారు సమ్మేళనం) ద్రావణంలో లీటరుకు 197 మిల్లీగ్రాముల బంగారం ఉంటుంది. అలాంటి ద్రావణం 40 లీటర్లు తూములో పోస్తే 7.9 గ్రాములు, అంటే మన నెల్లూరు లెక్కలో ఇంచుమించు ఒక సవర, కాలువ పాలవుతుంది. ఆచారి వీధిలో నగలు చేసే కంసాలి తన కుంపటి చుట్టూ ఊడ్చిన దుమ్మును సైతం పారబోయడు, జలగడిగేవారికి అమ్ముతాడు. నానో బంగారం, నానో వెండి తయారు చేసే ప్రయోగశాలల్లోనూ చిన్న యూనిట్లలోనూ మాత్రం రంగు మారిన ద్రావణాన్ని, కడిగిన నీటిని, మిగిలిపోయిన పాత సీసాలను ఒకే క్యానులో కలిపేసి, అది నిండాక ఏం చేయాలా అని ఆలోచించడం పరిపాటిగా ఉంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కళాశాల ప్రయోగశాలలకూ కొన్ని చిన్న యూనిట్లకూ ఈ విషయంలో సలహా చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ నన్ను ముందుగా అడిగేది ఒకే ప్రశ్న: ఏ పద్ధతి మంచిది? ఆ ప్రశ్నకు నేరుగా జవాబు లేదు. క్యానులో ఉన్న లోహం ఏది, అది ఏ రూపంలో ఉంది, లీటరుకు ఎంత ఉంది అన్న మూడు సంగతులు తెలిసిన తరువాతనే పద్ధతులను ఒకదానితో ఒకటి పోల్చగలం. వీటిలో రెండోదాన్ని, అంటే రూపాన్ని, దాదాపు అందరూ వదిలేస్తారు. డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే.

రూపం తెలియకుండా పద్ధతి ఎంచుకోవద్దు

ఒకే క్యానులో బంగారం మూడు రూపాల్లో ఉండవచ్చు. చర్యలో పాల్గొనకుండా మిగిలిన లవణం అయాన్లుగా కరిగి ఉంటుంది. తయారైన నానో కణాలు కొల్లాయిడ్‌గా నీటిలో తేలుతుంటాయి. సిలికా, కార్బన్, గుడ్డ, వడపోత కాగితం, చేతి తొడుగుల వంటి వాటికి అంటుకుపోయినది మూడో రూపం. అయాన్లను పట్టుకునే రెసిన్ స్తంభం గుండా కొల్లాయిడ్ చాలావరకు చెక్కుచెదరకుండా దాటిపోతుంది. కొల్లాయిడ్‌ను కిందికి దింపే ఉప్పు బంగారు అయాన్లను ఏమీ చేయదు. కాబట్టి వేలు పోసి కొన్న రెసిన్ పని చేయలేదని చెప్పే చాలా సందర్భాల్లో తప్పు రెసిన్‌ది కాదు, దానికి పట్టుబడని రూపంలో లోహాన్ని పంపడంలో ఉంది.

రూపాన్ని తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. 1951లో టర్కెవిచ్ బృందం వివరించిన సిట్రేట్ పద్ధతిలో చేసిన నానో బంగారం దానిమ్మ గింజ ఎరుపులో ఉంటుంది. ఒక పరీక్షనాళికలో పది మిల్లీలీటర్లు తీసుకుని చిటికెడు ఉప్పు వేయండి. ఎరుపు కాస్తా నీలి ఊదాగా మారి, తెల్లవారేసరికి బూడిద నలుపు మడ్డి అడుగున దిగితే ఆ కణాలకు సిట్రేట్ రక్షణ మాత్రమే ఉన్నట్టు. కణాల మధ్య వికర్షణను ఉప్పులోని అయాన్లు కప్పివేయడం వల్ల అవి ఒకదానికొకటి అతుక్కుని దిగిపోతాయి. ఉప్పు వేసినా ఎరుపు అలాగే నిలిస్తే కణాల చుట్టూ పాలీవినైల్ పైరోలిడోన్, పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి పాలిమర్ పొర లేదా థయాల్ (గంధకం ఉన్న సేంద్రియ అణువుల) పొర ఉందని అర్థం. అవి ఉప్పుకు లొంగవు. కరిగించాలి, లేదా ఎండబెట్టి కాల్చాలి.

అయాన్లకు పరీక్ష స్టానస్ క్లోరైడ్ అనే తగరపు లవణం. ఒక చుక్క వేస్తే లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల బంగారం ఉన్నా ఊదా ఛాయ వస్తుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఈ పరీక్ష అయాన్లనే చూపుతుంది గనుక, చాలా పలుచగా ఉన్న కొల్లాయిడ్ విషయంలో రంగేమీ మారలేదు కదా అని నీటిని పారబోసేవారు ఉన్నారు. ఆ నీరు కొద్దిగా గులాబీ ఛాయలో ఉన్నదంటే బంగారం అందులోనే ఉంది. తెల్ల కాగితం ముందు గాజు గ్లాసులో పోసి కంటితో చూడటం, ఈ పరీక్షకు ముందు చేయవలసిన పని.

క్యాన్లు వేరు చేయడం

ఏ పద్ధతి ఎంచుకున్నా బంగారానికి ఒక క్యాను, వెండికి ఒకటి, ప్లాటినం, పల్లాడియంలకు ఒకటి ఉండాలి. ఇది చెప్పడం తేలికే, పాటించడం కష్టం. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక చిన్న యూనిట్‌లో వెండి నైట్రేట్ మిగులును బంగారు క్లోరైడ్ మిగులున్న క్యానులో పోశాను. క్లోరైడ్ తగిలిన వెండి అప్పటికప్పుడు తెల్లటి వెండి క్లోరైడ్‌గా పడిపోయింది, పడుతూ బంగారాన్ని కూడా తనలో బంధించింది. రెండింటినీ విడదీయడానికి పట్టిన మూడు వారాల శ్రమలో, వాడిన ఆమ్లాల ఖర్చులో సగం కూడా తిరిగి రాలేదు. అది నా తప్పే. ఆ పాఠాన్ని ఇప్పుడు కొత్తవారికి మొదటి రోజే చెబుతున్నాను.

వెండి క్యాను విషయంలో రెండు ప్రమాదాలు ప్రాణాంతకమైనవి. టోలెన్స్ కారకం వంటి అమోనియా కలిసిన వెండి ద్రావణాన్ని నిలవ ఉంచితే అడుగున నల్లటి విస్ఫోటక పదార్థం ఏర్పడుతుంది. ఎండినప్పుడు మూత తిప్పితే చాలు పేలవచ్చు. అలాంటి ద్రావణాన్ని ఆ రోజే పలుచని ఆమ్లంతో తటస్థపరిచి, వెండిని దింపేయాలి, ఎన్నడూ మరుసటి రోజుకు ఉంచకూడదు. బంగారు క్లోరైడ్‌కు అమోనియా తగిలినా ఇదే ముప్పు. రెండోది, కణాలను ఎథనాల్‌తో కడిగే అలవాటు. ఆ ఎథనాల్, నత్రికామ్లం, వెండి మూడూ ఒకే పాత్రలో చేరితే వెండి ఫల్మినేట్ అనే పేలుడు పదార్థం ఏర్పడే అవకాశం ఉంది. కాబట్టి ఎథనాల్ కడుగునీటికి వేరే సీసా, దాని మీద పెద్ద అక్షరాలతో చీటీ తప్పనిసరి. రోహిణీ కార్తెలో మన జిల్లాల్లో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో ద్రవరాజం (నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం), నత్రికామ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిన వ్యర్థాలను గట్టిగా మూత బిగించిన సీసాలో ఉంచితే వాయువు ఒత్తిడికి సీసా పగులుతుంది. వాయువు పోయే మూత వాడాలి, నీడలో ఉంచాలి.

మన ప్రాంతానికే చెందిన మరో సంగతి నీరు. తీరం వెంబడి, ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాల్లోనూ బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ. వెండి తయారీ పాత్రలను మొదట బోరు నీటితో కడిగితే పాత్ర గోడలకే వెండి క్లోరైడ్ పొరగా అంటుకుని, వెలుతురుకు ఊదాగా మారి, తరువాత గీకినా రాదు. మొదటి రెండు కడుగులూ ఆర్‌ఓ నీటితో చేసి, ఆ నీటిని వెండి క్యానులోకి చేర్చాలి. బోరు నీళ్లు మూడో కడుగుకు వాడుకోవచ్చు.

వెండి: ఉప్పా, రాగి రేకా, విద్యుత్తా?

అయాన్ రూపంలో ఉన్న వెండికి ఉప్పు కంటే చవకైన, నమ్మదగిన మార్గం లేదు. 108 గ్రాముల వెండికి 58.5 గ్రాముల ఉప్పు సరిపోతుంది. ఇస్కపల్లి ఉప్పుమడుల కల్లుప్పునైనా నీటిలో కరిగించి, మట్టి పోయేలా వడకట్టి వాడుకోవచ్చు. శుద్ధమైన నీటిలో వెండి క్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు లోపే కరుగుతుంది కాబట్టి తేటలో మిగిలేది అతి స్వల్పం. అయితే ఉప్పు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం పొరపాటు: చిక్కటి ఉప్పు నీటిలో వెండి మళ్ళీ సంక్లిష్ట అయాన్లుగా కరగడం మొదలవుతుంది. అవసరమైన దానికి పదో వంతు అదనంగా వేసి ఆపి, తేటలో ఒక చుక్క ఉప్పునీరు వేసినప్పుడు తెల్లటి మబ్బు రాకపోతే సరిపోయినట్టే.

పడిన వెండి క్లోరైడ్ బరువులో 75 శాతం వెండి. దాన్ని నేరుగా మూసలో పెట్టి కరిగిస్తే క్లోరైడ్ 455 డిగ్రీలకే కరిగి, పైకి పొగగా లేచి, వెండి గాలిలో కలిసిపోతుంది, పని చేసేవారి ఊపిరితిత్తులకు హాని జరుగుతుంది. ముందుగా కాస్టిక్ సోడా ద్రావణంలో కలిపి, నల్లగా మారాక కొద్దికొద్దిగా గ్లూకోజ్ వేస్తే బూడిద రంగు వెండి పొడి వస్తుంది. 100 గ్రాముల క్లోరైడ్‌కు లెక్క ప్రకారం 28 గ్రాముల కాస్టిక్ సోడా చాలు, ఆచరణలో కొంత ఎక్కువ వేయాలి. ఆ పొడిని బాగా కడిగి, ఆరబెట్టి, వెలిగారం వేసి కరిగిస్తే ముద్ద చేతికొస్తుంది.

రాగి రేకు పద్ధతి మన కంసాలులకు తరతరాలుగా తెలిసినదే. నత్రికామ్లంలో కరిగిన వెండిలో రాగి రేకు ముంచితే వెండి రేకు మీద పేరుకుంటుంది, 63.5 గ్రాముల రాగి కరిగి 216 గ్రాముల వెండిని ఇస్తుంది. వడకట్టడం, క్లోరైడ్‌ను మళ్ళీ లోహంగా మార్చడం వంటి పనులేమీ ఉండవు. దీని లోపం ఫలితంలో లేదు, మిగిలిన నీటిలో ఉంది: వెండి బదులు నీలిరంగు రాగి మిగులుతుంది. సున్నం వేసి రాగిని కూడా దింపే ఏర్పాటు లేనివారు ఈ దారి పట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే రొయ్యల గుంటలు ఆనుకుని ఉన్న ఈ తీరంలో రాగి నీటిని బయటికి వదలడం పొరుగువాడి పంటను చంపడంతో సమానం.

విద్యుత్తుతో వెండిని కాథోడ్ మీదికి రాబట్టడం చూడటానికి శుభ్రమైన పద్ధతి. ఒక ఆంపియర్-గంటకు సిద్ధాంతరీత్యా 4.02 గ్రాముల వెండి వస్తుంది గనుక 100 గ్రాములకు 25 ఆంపియర్-గంటలు చాలు. లీటరుకు కొన్ని గ్రాముల వెండి ఉన్నప్పుడు ఈ లెక్కకు దగ్గరగా వస్తుంది. లీటరుకు వంద మిల్లీగ్రాముల దిగువకు వెళితే విద్యుత్తులో ఎక్కువ భాగం నీటిని విడగొట్టడానికే ఖర్చవుతుంది. నత్రికామ్లం ఎక్కువగా ఉన్న ద్రావణంలో కరెంటు పోయిందంటే పేరుకున్న వెండి మళ్ళీ కరుగుతుంది; కరెంటు కోతలుండే పారిశ్రామిక వాడల్లో బ్యాటరీ సహాయం లేకుండా రాత్రంతా నడపడం నష్టం. క్లోరైడ్ ఉన్న ద్రావణానికి దీన్ని అసలే వాడరాదు, ఆనోడ్ దగ్గర క్లోరిన్ వాయువు వెలువడుతుంది. నెలకు కిలోల్లో వెండి నైట్రేట్ వాడి, చిక్కటి నైట్రేట్ మిగులు క్రమంగా వచ్చే యూనిట్‌కు ఇది తగినది. మిగిలినవారికి ఉప్పే మేలు.

వేపాకు, తులసి, మునగాకు కషాయాలతో నానో వెండి చేసే కళాశాలలకు ఒక మాట. ఈ ద్రావణాల్లో వెండి కొంత కొల్లాయిడ్‌గా, కొంత అయాన్‌గా ఉంటుంది. ఆకు పదార్థాల జిగట వల్ల వడపోత కాగితం కాసేపటికే మూసుకుపోతుంది. ఉప్పు వేసి వారం రోజులు కదపకుండా ఉంచి, తేటను తీసేసి, అడుగు మడ్డిని మాత్రమే సెంట్రిఫ్యూజ్ చేయాలి. ఆ మడ్డిని ఎండబెట్టి నిలవ చేసుకుని, ఏడాదికోసారి ఒకే విడతగా శుద్ధి చేయించడం మంచిది. విద్యార్థులతో నత్రికామ్లంలో మరిగించే పని చేయించవద్దు.

బంగారం: ఎక్కువగా ఉంటే ఒక దారి, పలుచగా ఉంటే మరొకటి

బంగారు క్లోరైడ్ అయాన్లకు సోడియం మెటాబైసల్ఫైట్ వేయడం అందరికీ తెలిసిన పద్ధతి. గ్రాము బంగారానికి లెక్క ప్రకారం 0.72 గ్రాము, ఆచరణలో అంతకు రెట్టింపు పడుతుంది. గోధుమ రంగు పొడి అడుగున దిగుతుంది, దాన్ని కడిగి కరిగిస్తే మేలిమి వస్తుంది. ద్రవరాజం వాడి ఉంటే అందులోని నత్రికామ్లాన్ని ముందుగా తొలగించాలి, లేకపోతే దిగిన బంగారం మళ్ళీ కరిగిపోతుంది.

ఈ పద్ధతి చిక్కటి ద్రావణాలకే. లీటరుకు పదుల మిల్లీగ్రాములే ఉన్న కడుగునీటిలో మెటాబైసల్ఫైట్, ఆస్కార్బిక్ ఆమ్లం, బోరోహైడ్రైడ్ వంటి క్షయకరణులను (అయాన్లను లోహంగా మార్చే పదార్థాలను) వేస్తే బంగారం దిగకపోవచ్చు. మనం తయారు చేసిన నానో కణాలే ఆ క్యానులో మళ్ళీ తయారవుతాయి, నీరు ఊదాగా మారి నెలలు గడిచినా అలాగే ఉంటుంది. నానో తయారీకీ నానో వ్యర్థాల శుద్ధికీ రసాయన శాస్త్రం ఒకటే, తేడా గాఢతలో, ఉప్పు శాతంలో ఉంది. అందుకే పలుచని నీటిని ముందు ఆవిరి చేసి చిక్కబరచాలి, లేదా బంగారాన్ని ఒక ఘనపదార్థం మీదికి చేర్చాలి.

సిట్రేట్ కొల్లాయిడ్‌కు మాత్రం ఇవేవీ అక్కరలేదు. ఆ పద్ధతిలో వేసిన బంగారం దాదాపు అంతా కణాలుగా మారుతుంది కాబట్టి ఉప్పు వేసి, మడ్డిని దింపి, తేట నిజంగా తేటగా ఉందని కంటితో చూసుకుంటే పని ముగిసినట్టే. ఆ నల్లటి మడ్డిని తిరిగి లవణంగా మార్చుకోదలిస్తే ద్రవరాజం కంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ జంటనే నేను సూచిస్తాను: కణాలు అతి సన్నవి కాబట్టి సులభంగా కరుగుతాయి, నత్రికామ్లం తొలగించే బాధ ఉండదు. కాని గాజుసామాను ఆరబెట్టడానికి వాడే అసిటోన్ చుక్క కూడా ఈ పాత్రలో పడకూడదు. పెరాక్సైడ్, ఆమ్లం, అసిటోన్ కలిస్తే విస్ఫోటకం తయారవుతుంది.

బ్రస్ట్, షిఫ్రిన్ బృందం 1994లో ప్రకటించిన రీతిలో టోలుయిన్‌లో చేసే థయాల్ పూత బంగారం వేరు జాతి. ఈ సేంద్రియ ద్రావణాల్లో ద్రవరాజం పోయడం ప్రమాదకరం. ద్రావణిని విడిగా సేకరించి, మిగిలిన అవశేషాన్ని రిఫైనరీకి, అంటే విలువైన లోహాలను శుద్ధి చేసే సంస్థకు, పంపడమే సరైన ఎంపిక. ఇందులో సొంత ప్రయోగాలు వద్దు.

పలుచని అయాన్లకు ఉత్తేజిత కర్బనం, అయాన్ మార్పిడి రెసిన్, కైటోసాన్ అనే మూడింటి మధ్య ఎంపిక ఉంటుంది. కొబ్బరి చిప్పల ఉత్తేజిత కర్బనం చవక, ఎక్కడైనా దొరుకుతుంది. క్లోరైడ్ రూపంలోని బంగారం కర్బనం మీదికి చేరి లోహంగా మారుతుంది కాబట్టి దాన్ని మళ్ళీ కడిగి తీయడం కష్టం. కర్బనాన్ని కాల్చి బూడిద నుంచి తీయాలి. పైగా సిట్రేట్, పాలిమర్, రంగులు వంటివన్నీ కర్బనానికి అతుక్కుని బంగారానికి చోటు లేకుండా చేస్తాయి. సరుగుడు బొగ్గును పొడి చేసి వాడవచ్చా అని ఒకరు అడిగారు. మామూలు బొగ్గులో సూక్ష్మ రంధ్రాలు ఆవిరితో తెరుచుకోలేదు కాబట్టి అది ఉత్తేజిత కర్బనం చేసే పనిలో కొద్ది భాగమే చేస్తుంది, వద్దు.

బలమైన క్షార రెసిన్లు క్లోరైడ్ సంక్లిష్టాలుగా ఉన్న బంగారం, ప్లాటినం, పల్లాడియం మూడింటినీ అతి తక్కువ గాఢతల్లో సైతం పట్టుకుంటాయి. ఖరీదు ఎక్కువ, అయినా నెలల తరబడి నిండుతూ ఉండే చిన్న స్తంభానికి ఆ ఖర్చు భరించదగినదే. ముందు సన్నని వడపోత గుండా కొల్లాయిడ్‌ను తీసేయాలి, నీటిని నిదానంగా పంపాలి. నిండిన రెసిన్ నుంచి ఆమ్లీకృత థయోయూరియాతో బంగారాన్ని విడిపించవచ్చు, కాని థయోయూరియా క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్న పదార్థం. చిన్న మోతాదుల్లో రెసిన్‌ను అలాగే రిఫైనరీకి ఇచ్చేయడం ఆరోగ్యానికీ లెక్కకూ మంచిది.

కైటోసాన్ గురించి ఈ జిల్లాల వారు ప్రత్యేకంగా ఆలోచించాలి. రొయ్య పెంకుల్లోని కైటిన్‌ను గాఢ క్షారంతో శుద్ధి చేస్తే కైటోసాన్ వస్తుంది. ఆమ్లంలో దాని అమైన్ సమూహాలు ధనావేశం పొందుతాయి కాబట్టి ఋణావేశంతో ఉన్న బంగారు, పల్లాడియం క్లోరైడ్ అయాన్లు వచ్చి అంటుకుంటాయి. మామూలు కైటోసాన్ కొన్ని పలుచని ఆమ్లాల్లో తానే కరిగిపోతుంది, అందుకే గ్లూటరాల్డిహైడ్ వంటి వాటితో గొలుసులను కట్టి, గుళికలుగా చేసి వాడతారు. రొయ్యల శుద్ధి కర్మాగారాల పెంకు కుప్పలు మన ముంగిట్లోనే ఉన్నాయి. విశ్వవిద్యాలయ విభాగాలు దీనిపై పని చేయడానికి నెల్లూరు కంటే తగిన చోటు నాకు తోచడం లేదు. అయితే ఈ రోజున ఒక యూనిట్ యజమాని నన్ను అడిగితే, ప్రతి విడత గుళికల సామర్థ్యం ఒకేలా ఉండదు గనుక, రెసిన్‌నే ముందుగా సూచిస్తాను.

ఆల్ఫా సైక్లోడెక్స్‌ట్రిన్ పద్ధతి ఆసక్తికరమైనది. పిండి పదార్థం నుంచి వచ్చే ఈ వలయాకార చక్కెర, బ్రోమైడ్ రూపంలోని బంగారంతో గది ఉష్ణోగ్రతలోనే సన్నని సూదుల్లా అవక్షేపిస్తుంది, ప్లాటినం, పల్లాడియం ద్రావణంలోనే ఉండిపోతాయి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో స్టోడార్ట్ బృందం 2013లో దీన్ని ప్రకటించింది; 2016లో వర్జీనియా టెక్ పరిశోధకులు నానో బంగారు వ్యర్థాలకే దీన్ని అన్వయించి, తిరిగి తీసిన బంగారాన్ని వాడటం వల్ల పర్యావరణ భారం ఎంత తగ్గుతుందో లెక్కగట్టారు. బీటా రకం చవక కదా అని కొంటే పని జరగదు, ఆల్ఫాయే కావాలి. మిశ్రమ లోహాల వ్యర్థం ఉన్నవారికీ పరిశోధకులకూ ఇది మంచి ఎంపిక. ఒక్క బంగారమే ఉన్న సాదా క్యానుకు అవసరం లేదు.

పల్లాడియం, ప్లాటినం

వీటిని ఇక్కడే కరిగించి ముద్ద చేద్దామనే ఆలోచన మానుకోవాలి. బంగారం 1064 డిగ్రీలకు, వెండి 962 డిగ్రీలకు కరుగుతాయి. పల్లాడియానికి 1555, ప్లాటినానికి 1768 డిగ్రీలు కావాలి. కంసాలి గ్యాసు మంట అంత వేడిని ఇవ్వదు. కార్బన్ మీద ఉన్న పల్లాడియం ఉత్ప్రేరకాన్ని వాడిన తరువాత ఎప్పుడూ తడిగానే ఉంచాలి. ఎండిన పొడికి మెథనాల్ ఆవిరి, గాలి తగిలితే తనంతట తానే మండుతుంది. ద్రావణంలోకి జారిన కొద్దిపాటి పల్లాడియానికి థయాల్ సమూహాలున్న సిలికా లేదా రెసిన్ సరైనది. ప్లాటినం క్లోరైడ్ లవణాల ధూళి ఉబ్బసాన్ని తెస్తుంది, ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ మనిషి ఆ పనికి దూరంగా ఉండవలసిందే. కాబట్టి తడి మడ్డిని ఎండబెట్టి గీకే పని చేయవద్దు.

సొంతంగా ముగించడమా, రిఫైనరీకి పంపడమా?

లెక్క ఇలా వేసుకోవాలి: నెలకు వచ్చే ద్రవం ఎన్ని లీటర్లు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఆ నాటి ధర ఎంత, అందులో చేతికి వచ్చే భాగం ఎంత. దాని నుంచి రసాయనాలు, మనిషి గంటలు, మిగిలిన మడ్డిని పారవేసే ఖర్చు తీసేయాలి. నెలకు అయిదు గ్రాముల క్లోరోఆరిక్ ఆమ్లం వాడే ప్రయోగశాలలోకి మొత్తం రెండున్నర గ్రాముల బంగారమే వస్తుంది. ఆ స్థాయిలో మడ్డిగా దింపి దాచుకోవడం వరకే సొంతంగా చేయాలి. కిలో వెండి నైట్రేట్ వాడే యూనిట్‌లోకి నెలకు 635 గ్రాముల వెండి వస్తుంది, అందులో పదో వంతు వ్యర్థంలోకి పోతుందని అనుకున్నా 60 గ్రాములు దాటుతుంది. అలాంటివారు ఉప్పుతో దింపి, గ్లూకోజ్‌తో లోహంగా మార్చి, కరిగించడం వరకు తామే చేసుకోవచ్చు.

శుభ్రంగా కడిగిన లోహపు పొడిని తప్ప రసాయన మడ్డిని రిఫైనరీకి కాక మరెవరికీ, ముఖ్యంగా బజారులోని కరిగించే దుకాణాలకు, ఇవ్వవద్దు. అక్కడ చిన్న గదిలో, గాలి పోయే దారి లేని చోట, పొగకు గురయ్యేది రోజుకూలీ పిల్లవాడు. రిఫైనరీకి పంపేటప్పుడు ప్లాటినం, పల్లాడియం మడ్డిని తప్ప మిగిలిన మడ్డిని ఆరబెట్టి, మెత్తగా కలియబెట్టి, మచ్చును రెండు భాగాలు చేసి ఒకటి మీ దగ్గర ముద్ర వేసి ఉంచుకోండి. మచ్చు సరిగా తీయకపోవడం వల్ల వచ్చే తగాదాలు, శుద్ధిలో పోయే లోహం కంటే ఎక్కువ నష్టం చేస్తాయి.

2016 నాటి ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇలాంటి వ్యర్థాలను మామూలుగా 90 రోజులకు మించి నిలవ ఉంచరాదు; ఏడాదికి పది టన్నులలోపు వ్యర్థం వచ్చే చిన్న సంస్థలు కాలుష్య నియంత్రణ మండలి నుంచి గడువు పొడిగింపు కోరవచ్చు. పైన నేను చెప్పిన ఏడాది నిలవ పద్ధతి పాటించదలచినవారు ముందుగా నెల్లూరు లేదా ఒంగోలులోని మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఈ విషయం లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి, లేదంటే గడువులోపే చిన్న మోతాదుల్లో పంపాలి. కొనే సంస్థకు అనుమతి ఉందో లేదో కాగితం చూసి నిర్ధారించుకోవాలి, రవాణాకు ఫారం 10 పత్రం జత చేయాలి. విలువ లేని మడ్డి విశాఖపట్నం దగ్గరి పరవాడలోని శుద్ధి, నిక్షేప కేంద్రం వంటి చోటికే వెళ్లాలి.

చివరగా మిగిలేది లోహం తీసేసిన నీరు. తాగునీటి ప్రమాణం ప్రకారం వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదు. నీటి జీవులకు, ముఖ్యంగా పిల్ల రొయ్యల వంటి వాటికి, అంతకంటే ఎంతో తక్కువ మోతాదు కూడా హాని చేస్తుంది. ఉప్పుతో దింపిన తేటలో లీటరుకు మిల్లీగ్రాము వరకు వెండి మిగలగలదు కాబట్టి, ఆ తేటను రెసిన్ లేదా థయాల్ సిలికా ఉన్న చిన్న స్తంభం గుండా మరోసారి పంపి, ఆమ్లత సరిచేసి, పరీక్ష చేయించిన తరువాతనే బయటికి వదలాలి. బకింగ్‌హాం కాలువ వైపు పారే ఏ తూములోనూ ఈ నీటిని పరీక్షించకుండా పోయవద్దు.